పాలెగ్గొట్టిన ఎనుము

ప్రమీలమ్మగారి ఎనుము పాలెగ్గొట్టి ఆ బుధవారానికి పదకొండు రోజులు. పూటకు నాలుగు లీటర్లు, బిందె అంచున నురగ నిలిచేలా ఇచ్చే ఆ గేదె, సింగారి, ఇప్పుడు చెంబు అడుగు తడిపితే గొప్ప. పైగా తన్నుతోంది. ఆ తన్నుకు ఇత్తడి చెంబు ఎగిరి కొట్టం దూలానికి తగిలి సొట్టపోయిందని ప్రమీలమ్మ బజారంతా చెప్పింది. సొట్టపోయిన మాట నిజమే. దూలం సంగతి మాత్రం చూసినవాళ్లు లేరు.

కమలాపురం బజారులో వాళ్లది విత్తనాల అంగడి. ముందు అంగడి, మధ్యలో ఇల్లు, వెనక పెరడు. పెరట్లో ఒక పక్క ఎనుము కొట్టం, దాన్ని ఆనుకొనే వేరుశనగ విత్తనాల గోడౌను. రెండింటికీ ఒకటే గోడ. ఆ గోడ పైభాగాన గాలికోసం వదిలిన జాలీ కిటికీ.

ఎనుమును చూడటానికి బయల్దేరింది అసలు పశువుల డాక్టరు కాదు. ఆయన గాలికుంటు టీకాలకని పల్లెలమీద పడ్డాడు. రెండు వారాల శిక్షణకు వచ్చిన యామిని అనే నాలుగో సంవత్సరం పశువైద్య విద్యార్థినిని "చూసి రా తల్లీ, దిక్కుతోచకపోతే ఫోన్ చెయ్యి" అని పంపించాడు. తోడుగా హనుమన్నను ఇచ్చాడు. హనుమన్న ఆ పశువుల ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు అటెండరుగా చేసి, రిటైరై రెండేళ్లయినా ఆ కబురు తనకింకా అందనట్టు రోజూ పొద్దున్నే వచ్చి తాళం తీసే మనిషి. పశువును పట్టి నిలపడంలో అతనంతటివాడు మండలంలో లేడు. అబద్ధాలాడటంలో జిల్లాలోనే లేడు.

దారిపొడవునా చెబుతూనే ఉన్నాడు.

"డోన్ కాడ మా మామోళ్లకు ఒక ఎనుము ఉన్నింది మేడమ్మా. గుంతకల్లులో రైలు కూతేస్తే ఇది ఈడ చెవి ఎత్తుతాండె. మా మామ దాని చెవి జూసి, సంగటి తిని, చెయ్యి కడుక్కొని, నిమ్మళంగా స్టేషనుకు పోతాండె. ఒక్కనాడు రైలు తప్పిపోలేదు."

"రైలు లేటయితే?" అంది యామిని.

"లేటయితే ఇంగో చెవి గూడా ఎత్తుతాండె."

యామిని నవ్వు ఆపుకొని ముఖం డాక్టరులా పెట్టుకొనేసరికి ప్రమీలమ్మ పెరడు వచ్చేసింది.

ఆమెకు పశువుల ఇంద్రియాల పాఠమంటే ఇష్టం. కంఠతా వచ్చు. ఎనుముకు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, ముక్కు ముందర జానెడు, తోక వెనక కాస్త తప్ప. పరీక్షలో ఈ జవాబుకు పూర్తి మార్కులు వచ్చాయి. ఇప్పుడు మాత్రం ఆమె కాళ్లు సరిగ్గా ఆ తోక వెనక కాస్త చోటులోంచే నడుస్తున్నాయి.

హనుమన్న ఆమె కోటు చెయ్యి పట్టి పక్కకు లాగాడు. "అట్ల గాదు. పక్కనుంచి రా, మాట్లాడుతా రా. ఏం మాట్లాడినా సరే, నీ పేరైనా చెప్పు."

యామిని తన పేరు, కాలేజీ పేరు చెప్పుకుంటూ ఎనుము పక్కకు చేరింది. ఎనుము ఒక చెవి ఇటు తిప్పి విని, అభ్యంతరం లేదన్నట్టు తోక ఆడించింది.

జ్వరం లేదు. కళ్లు తేటగా ఉన్నాయి. ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి కడుపు కదలికలు లెక్కపెట్టింది, సరిగానే ఉన్నాయి. పొదుగు వాయలేదు, వేడి లేదు. నాలుగు చన్నుల నుంచీ నాలుగు చుక్కలు నల్లగుడ్డమీద పిండి చూసింది. పలుకులు లేవు. సబ్బునీళ్ల పరీక్ష చేసింది. చిక్కబడలేదు. పొదుగువాపు కాదు, మరేదీ కాదు. ఎనుము తనకంటే ఆరోగ్యంగా ఉందని తేలింది.

"రోగం ఎనుముకు లేదు పాపా, చేతికి ఉండాది," అంది ప్రమీలమ్మ.

అంటూ ఆమె చూసింది గోడవారగా నిలబడిన కృపమణి వైపు. సింగారి తొలిచూలు ఈనినప్పటి నుంచి దాని పాలు పిండేది కృపమణే. బజారులో ఇంకో రెండిళ్లలోనూ పిండుతుంది. చేతిలో ఆముదం గిన్నె పట్టుకొని, తడిలేని వేళ్లను కొంగుకు తుడుచుకుంటోంది.

"మేం లేచేలోపలే పిండి ఎవరికో పోస్తాంది. తెల్లారి మా ముందర ఉత్త పొదుగు లాగుతాంది. లేకుంటే పాలు యాడికి పోయినట్టు?"

"యాడికీ పోలేదమ్మా. లోపలే ఉండాయి. అది దింపల్యా," అంది కృపమణి.

"నాలుగేండ్లు దింపింది, ఇప్పుడేమొచ్చె దానికి?"

అంగడి వదిలి వచ్చిన కొడుకు కళ్యాణ్ మధ్యలో దూరాడు. "మేడం, సూదేస్తే దిగుతాయంట గదా. ఏసేయండి, రచ్చెందుకు."

"ఆ సూది అందుకు వాడకూడదు. నేను వెయ్యను," అంది యామిని. "ఒకసారి పిండండి అక్కా, చూస్తాను."

కృపమణి దూడను వదిలింది. దూడ పొదుగును నాలుగు కుమ్ములు కుమ్మి చప్పరించింది. కృపమణి దాన్ని లాగి ముందర కట్టేసి, పొదుగు కడిగి, వేళ్లకు ఆముదం రాసుకొని, మోకాళ్ల మధ్య బిందె ఇరికించుకొని కూర్చుంది. నుదురు ఎనుము డొక్కకు ఆనించి సన్నగా ఏదో కూనిరాగం తీసింది. చన్నులు నిండటం మొదలైంది. రెండు ధారలు బిందెలో మోగాయి. అంతే. ఎనుము కుడి చెవి గిరుక్కున గోడవైపు తిరిగింది. వీపు బిగిసింది. చన్నుల్లోకి దిగిన పాలు మళ్లీ పైకి పోయాయి. కాలు లేచింది. కృపమణి బిందెతో సహా వెనక్కి జరిగింది, ఈ పదకొండు రోజుల్లో బాగా అలవాటైన జరుగుడు.

"అది ఏందో వింటాంది," అన్నాడు హనుమన్న.

"గుంతకల్లు రైలేమో లేప్పా," అన్నాడు కళ్యాణ్. ఆ కథ ఊళ్లో అందరూ విన్నదే. ప్రమీలమ్మ నవ్వింది, కృపమణి కూడా పైట నోటికి అడ్డం పెట్టుకుంది. యామిని కూడా నవ్వింది. పాపం హనుమన్న జన్మకొక్కసారి నిజం చెబితే దాని గతి అట్లా అయింది.

ప్రమీలమ్మ నవ్వు ముగించి తీర్పు చెప్పింది. "మణీ, రేపట్నుంచి నువ్వు రావద్దు. ఆదివారం దాకా నేనే పిండతా. నా చేతికి పాలొచ్చినాయంటే దొంగ ఎవరో తేలిపోతాది. రాకుంటే ఎనుము సంతకు."

కృపమణి ఆముదం గిన్నె గూట్లో పెట్టింది. దూడ మెడ తాడు సడలించింది. వెళ్తూ వెళ్తూ యామిని పక్కన ఆగింది.

"నేను పాలు పిండే సుబ్బరత్నమ్మోళ్లు నిన్ననే అన్న్యారు డాక్టరమ్మా, రెండు దినాలు ఆగు మణీ అని. ఈ మాట నిలబడిపోతే నన్ను ఏ కొట్టంలోకి రానిస్తారు?"



*

గురువారం ఆమె నేల మీద కరెంటు కోసం వెతికింది. తడి నేలలోకి సన్నగా కరెంటు దిగితే పాలు పిండేటప్పుడు పశువులు ఉలిక్కిపడతాయని చదివింది. టెస్టరు తెచ్చి తొట్టి, గొలుసు, గుంజ, నీళ్ల మోటారు పైపు అన్నీ ముట్టించి చూసింది. వెలగలేదు. హనుమన్నకు ఆ టెస్టరు మీద నమ్మకం కుదరక చెప్పులు విడిచి తడినేల మీద నిలబడి, తన్నుకు అందకుండా పొదుగు కింద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకొని, "ల్యా. ఉంటే నాకు తెలుచ్చాది. నన్ను ఒగసారి పదకొండు వేల లైను పట్టుకునింది, అదే వదిలేసి పోయింది," అన్నాడు.

ప్రమీలమ్మ తన అనుమానం తను చెప్పింది. పాలెగ్గొట్టిన మొదటి పొద్దు కృపమణి ఎర్రచీర కట్టుకొని వచ్చిందట.

"ఎనుముకు ఎరుపు మనకు కనిపించినట్టు కనిపించదమ్మా," అంది యామిని. "బూడిదరంగులాగో మసకగానో ఉంటుంది. చీర రంగు దానికి లెక్క లేదు. మనిషి వాసన లెక్క, గొంతు లెక్క."

"మరి ఎద్దు ఎర్రగుడ్డ చూస్తే పొడుచ్చాది గదా."

"గుడ్డ ఊపితే పొడుస్తుంది. తెల్లగుడ్డ ఊపినా పొడుస్తుంది."

ప్రమీలమ్మ ఈ పిల్లకు తెలిసింది తక్కువేనని మనసులో నిర్ణయించుకొని మజ్జిగ ఇచ్చింది. ఆ సాయంత్రం తనే పిండబోయి, మోకాలి మీద తన్ను తిని, అర గ్లాసు పాలతో లేచింది. రాత్రంతా మోకాలికి తైలం రాసుకుందట. అయినా పట్టు వదల్లేదు.

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు మళ్లీ కూర్చుంది. యామిని దూడ దగ్గర, హనుమన్న ఎనుము తల దగ్గర. సింగారి కుడి చెవి ఎప్పటిలా గోడవైపు నిలబడి ఉంది, ఎడమ చెవి మాత్రం ఈగల్ని తోలుకుంటోంది. పశువుకు రెండు చెవులు రెండు పనులు చేయగలవని యామిని చదివింది. ఒక చెవి మూడు రోజులుగా ఒకే పని చేస్తుందని మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

కొట్టంలో ఫ్యాను ఆగింది. బల్బు ఆరింది. బజారులో ఎవరో "పాయె" అన్నారు. కరెంటు పోవడం కమలాపురంలో వింత కాదు కాబట్టి ఎవరూ తల ఎత్తలేదు. ప్రమీలమ్మ పొదుగు కడిగింది. దూడ కుమ్మింది. అప్పుడు సింగారి కుడి చెవి మెల్లగా, తడిసిన తమలపాకులాగా, పక్కకు వాలిపోయింది. అది పెద్దగా ఊపిరి వదిలి నెమరు మొదలుపెట్టింది. ప్రమీలమ్మ చేతికింద చన్నులు నిండాయి. ఒక ధార, రెండు ధారలు, లయ తప్పుతూనే అయినా బిందెలో పాలు లేచాయి.

"చూసినావా పాపా," అంది ప్రమీలమ్మ. ఆమె గొంతులో సంతోషం కంటే గెలుపు ఎక్కువ ఉంది. "చూసినావా హనుమన్నా. నా చేతికి వచ్చినాయి. నేనేమో ఊరికే అంటినా? దొంగ ఎవరో ఇప్పుడు చెప్పండి."

లీటరున్నర దాకా వచ్చింది. వచ్చే ప్రతి ధారా కృపమణి మీద ఒక సాక్ష్యంలా మోగుతోంది.

ఫ్యాను కిర్రుమని తిరిగింది. బల్బు వెలిగింది. సింగారి కుడి చెవి టక్కున గోడవైపు లేచింది. నెమరు ఆగింది. కాలు లేచింది. బిందె దొర్లింది. ప్రమీలమ్మ ఈసారి రెండో మోకాలు పట్టుకుంది.

యామిని పారిన పాల వంక చూడలేదు. ఆ చెవినే చూస్తోంది.

"కళ్యాణ్ గారూ," అని అంగడివైపు గట్టిగా పిలిచింది. "ఒకసారి మెయిను ఆపండి."

"ఇప్పుడే గదా వచ్చింది మేడం."

"ఆపండి."

ఆపాడు. చెవి వాలింది. వెయ్యమంది. చెవి లేచింది. మళ్లీ ఆపమంది. వాలింది. నాలుగోసారికి అంగడిలో కొనేవాళ్లు ముగ్గురు పెరట్లోకి వచ్చి నిలబడ్డారు, వాళ్ల చేతుల్లో టమేటా విత్తనాల పొట్లాలున్నాయి. బల్బు ఒక్కటే తీసి చూశారు, చెవి దిగలేదు. ఫ్యాను ఆపారు, దిగలేదు. మోటారు ఊడబీకారు, లేదు.

"ఆ గోడ అవతల ఏముంది?" అంది యామిని.

"విత్తనాల మూటలు. ఇంగేమీ లేవు," అన్నాడు కళ్యాణ్. గోడౌను తలుపు తీశాడు. చీకట్లో, జాలీ కిటికీ కిందుగా, ప్లగ్గులో దూర్చిన అరచేతంత తెల్లటి డబ్బా ఒకటి నీలి దీపం పెట్టుకొని కూర్చుంది.

"ఇదేంది?"

"ఎలకల మిషను మేడం. ఫోన్లో ఆర్డరు పెట్టి తెప్పిచ్చినా. ఇది ఏదో సౌండు కొడితే ఎలకలు పారిపోతాయంట. మనకేం వినపడదు, దాని పాటికి అది ఉంటాది."

"ఎప్పుడు పెట్టారు?"

కళ్యాణ్ వేళ్లు మడిచాడు. పోయిన వారం కాక అంతకుముందు శనివారం రాత్రి. మడిచిన వేళ్లు అట్లాగే పెట్టుకొని తల్లి వంక చూశాడు.

యామినికి పరీక్ష హాలులో లాగా మాటలు వాటంతటవే వచ్చేశాయి. మనిషి చెవి సెకనుకు ఇరవై వేల కంపనాల దాకా పట్టుకుంటుంది, అంతకు మించితే ఎంత గట్టిగా మోగినా మనకు నిశ్శబ్దమే. గొడ్డు చెవి ముప్ఫై అయిదు వేల దాకా పట్టుకుంటుంది. ఎలుకది ఇంకా పైన. ఈ డబ్బా మనల్ని దాటుకొని, జాలీలోంచి పోయి, రెండు వారాలుగా రాత్రీ పగలూ సింగారి చెవిలో ఈల వేస్తోంది. బెదిరిన పశువు పాలు దింపదు. పాలు దిగాలంటే మెదడులోంచి ఒక రసం రక్తంలోకి రావాలి, బెదురు దాన్ని తొక్కిపెడుతుంది.

ఎక్కం అప్పజెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పి ఆగింది. టమేటా విత్తనాల రైతు ఒకడు చెవిలో వేలు పెట్టి కదిపి చూసుకున్నాడు.

"నేను మొన్ననే చెప్పినా, ఏందో వింటాందని," అన్నాడు హనుమన్న. ఎప్పుడూ లేనిది, ఆ ఒక్క ముక్కతో ఆపేశాడు.

కళ్యాణ్‌కు మాత్రం డబ్బాను వదులుకోబుద్ధి కాలేదు. "ఎనుము సంగతి సరే మేడం. ఎలకలైతే పోయినాయి. ఒక్కటి కనపడితే చూడండి," అని మిషను కింది మూట పక్కకు లాగాడు. మూట వెనక్కి ఒరిగింది. దాని అడుగున, కొరికి మెత్తగా చేసిన గోనెపీచు పక్కమీద, మిషనుకు మూరెడు దూరంలో, గులాబీ రంగు ఎలుక పిల్లలు ఎనిమిది ఒకదాన్నొకటి పట్టుకొని నిద్రపోతున్నాయి. తల్లి ఎలుక వీళ్లందరి వంకా చూసి, తొందరపడకుండా, మూట చాటుకు నడిచిపోయింది.

మొదట నవ్వింది ప్రమీలమ్మే. మోకాళ్లు రెండూ పట్టుకొని గోనె మీద కూలబడి నవ్వింది. "ఎలకల్ని తోలేకని మిషను తెచ్చినావు గదరా, వాటికి జోల పాడినట్టుండాది." రైతులు విత్తనాల పొట్లాలతో తొడలు కొట్టుకుంటూ నవ్వారు. ఆ ఇంట్లో మిషనుకు బెదిరిన ప్రాణి ఎనుము ఒక్కటే. యామిని నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, చెయ్యి చాచి ప్లగ్గు పీకేసింది.

*

శనివారం పొద్దున తన్ను లేదు. సింగారి రెండు చెవులూ పక్కకు వాల్చి నిలబడింది. ప్రమీలమ్మ సగం బిందె పిండింది. తర్వాత చన్నులు మెత్తబడిపోయాయి. ఎనుము మెడ తిప్పి ఆమె భుజం వాసన చూసింది, మోచెయ్యి చూసింది, తలలో పెట్టుకున్న మల్లెపూల వాసన చూసి తుమ్మింది. తర్వాత పెరటి గుమ్మం వైపు చూస్తూ నిలబడిపోయింది.

"ఇంకా లోపలుండాయి," అన్నాడు హనుమన్న పొదుగు తట్టి.

"మరి దింపదేం?"

"నేను చెప్పేదేముండాది? దాన్నే అడుగు."

ఆ సాయంత్రం ప్రమీలమ్మ కొడుకును కృపమణి ఇంటికి పంపింది. కళ్యాణ్ బండేసుకొని పోయి, వచ్చి, స్టాండు వేసి, తల గోక్కున్నాడు.

"రాదంటమ్మా. 'రావద్దని చెప్పింది నువ్వు గాదు గదా నాయనా' అనింది. టీ మాత్రం ఇచ్చింది."

ఈలోపల హనుమన్న బజారులో పని మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి కథలో ఎనుము చెవితో గోడను చూపించింది. సాయంత్రానికి తాడు తెంపుకొని పోయి కొమ్ముతో స్విచ్చి ఆపింది. యామిని టీ అంగట్లో తన చెవులారా విని, "హనుమన్నా, ప్లగ్గు నేను కదా పీకింది," అంటే, "నువ్వే మేడమ్మా. నువ్వు తీసినావంటే ఎవరు నమ్ముతారు?" అన్నాడు.

ఆదివారం తెల్లవారగానే ప్రమీలమ్మ ఒక్కతే చర్చి వీధిలోని కృపమణి ఇంటికి నడిచింది. రెండు మోకాళ్లూ నొప్పి, అయినా ఆటో ఎక్కలేదు. యామినికి ఇది ఎలా తెలిసిందంటే, ఆమె ఆ పాటికే ఎనుము కొట్టంలో కూర్చొని ఉంది. పిలిచినవాళ్లు లేరు. పిలవకుండానే హనుమన్న కూడా వచ్చి తొట్టి అంచున కూర్చున్నాడు.

గంట గడిచింది. దూడ అరిచింది. మరో అరగంట గడిచింది. అప్పుడు పెరటి గుమ్మంలో కృపమణి కనిపించింది. చర్చికి పోవాలని కట్టుకున్న గంజిపెట్టిన తెల్లచీర. వెనక ప్రమీలమ్మ. ఆ వెనక, రెండు రోజులు ఆగమన్న సుబ్బరత్నమ్మా, మూడో ఇంటామె వెంకటేశ్వరమ్మా. ఇద్దరి చేతుల్లోనూ ఖాళీ చెంబులు, పొద్దున్నే కొట్టంలోంచి లేపుకొచ్చినట్టుంది.

దారిలో ఏం జరిగిందో సుబ్బరత్నమ్మే చెప్పింది, యామిని చెవి దగ్గర, గుసగుసలాగే మొదలుపెట్టి అందరికీ వినపడేలా. "మణి ఏమీ అడగల్యా పాపా. ఒకటే మాటంట. 'ఎవరెవరితో నన్ను దొంగ అన్న్యారో ఆ గడపల్లో కాదని చెప్పండి, వస్తా' అనిందంట. ఈయమ్మ మా గడప ముందర నిలబడి చెప్పింది. తప్పు నాదే అనింది. నేను ముప్ఫై ఏండ్లుగా చూస్తాండా, ఆ మాట ఈయమ్మ నోట ఈరోజే విన్న్యా."

"గట్టిగా చెప్పల్యా," అంది వెంకటేశ్వరమ్మ. "మా ఇంటి కాడ కొంచెం నిమ్మళంగా చెప్పింది."

ప్రమీలమ్మ ఆమె వంక చూసింది. తర్వాత ఏమనుకుందో, "తప్పు నాదే," అని మళ్లీ అంది, ఈసారి బజారుకు వినపడేలా. అంగట్లో త్రాసు సర్దుతున్న కళ్యాణ్ ఉలిక్కిపడి తలుపులోంచి తొంగిచూశాడు.

కృపమణి ఇదేమీ పట్టించుకోనట్టు చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. గుమ్మం దగ్గర నుంచే "ఏమే" అంది. ఆ ఒక్క పిలుపుకు సింగారి మెడ తిప్పింది. ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. దగ్గరికి వచ్చిన చెయ్యిని మణికట్టు నుంచి మోచేతి దాకా, మోచేతి నుంచి చంక దాకా వాసన చూసి, గంజి చీర కొంగు పొడుగునా నాలుకతో ఒక్క గీత గీసింది. తెల్లచీర మీద పచ్చటి మరక పడింది.

"పోయె నా చీర," అంది కృపమణి, ఎంతో ఇష్టంగా.

ఆమె పొదుగు కడుగుతుండగానే చన్నుల కొసల్లో పాలు బొట్లు బొట్లుగా నిలిచాయి. దూడ ఇంకా కుమ్మనే లేదు. యామిని ఒంగి చూసింది. గొంతు విని, వాసన తగిలి, చెయ్యి పడకముందే పాలు దిగడం. పాఠంలో ఇది రెండు వాక్యాలు. ఆమె ఆ రెండు వాక్యాల ముందు మోకాళ్ల మీద కూర్చొని నోరు తెరిచి చూస్తోంది.

"దూడను ఎవురైనా పట్టుకోండి," అంది కృపమణి తల ఎత్తకుండా.

హనుమన్న లేవబోయాడు. ప్రమీలమ్మ అప్పటికే తాడు అందుకుంది.

"అట్ల గాదమ్మా, తాడు లాగితే అది బెదురుతాది. మెడ కిందికి చెయ్యి ఏసి పట్టుకోండి. ఆ. ఇంగా దగ్గరికి. తల్లికి కనపడాల అది."

ప్రమీలమ్మ దగ్గరికి జరిగింది. దూడ మెడ చుట్టూ చెయ్యి వేసి నేలమీద గొంతుక్కూర్చుంది. దూడ ఆమె భుజం మీద చొంగ తుడుచుకొని, చెవి కమ్మ నోట్లో పెట్టుకోబోయింది. ఆమె తల పక్కకు వంచుకుంది గానీ పట్టు వదల్లేదు. బిందెలో ధారలు మొదట గలగల మోగాయి, తర్వాత నురగలో మెత్తగా దిగాయి. సుబ్బరత్నమ్మ, వెంకటేశ్వరమ్మ చెంబులు చంకన పెట్టుకొని చూస్తున్నారు, తమ కొట్టాలకు మణి ఎప్పుడొస్తుందో అడగడానికి ఇది సమయమా కాదా అని ఒకరినొకరు చూసుకుంటున్నారు. నురగ బిందె మెడ దాటింది. కృపమణి చేతులు ఆగలేదు.

"అమ్మా, బిందె నిండుతాంది," అంది.

ప్రమీలమ్మ దూడను వదలకుండానే మెడ తిప్పి, అంగడివైపు కేకేసింది.

"ఒరే కళ్యాణ్, ఇంగో బిందె తేరా. పరిగెత్తొద్దు, ఎనుము బెదురుతాది."